మన సొమ్ము లెక్క మన గేటు దగ్గర చెప్పాలి

బొమ్మసంద్రలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో మా సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం



మనకు వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజునే గుడ్డలు ఉతుక్కోవాలి, సామాన్లు తెచ్చుకోవాలి, ఊళ్లో వదిలి వచ్చిన పిల్లలతో ఫోనులో మాట్లాడుకోవాలి. ఆ పనులన్నీ పక్కన పెట్టి మీరు ఇంతమంది వచ్చారు. హిందూపురం, మదనపల్లి, కుప్పం, కదిరి వైపు నుండి వచ్చినవాళ్లు వున్నారు. తాతల కాలం నుండి ఆనేకల్ తాలూకాలోనే వుంటూ ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడేవాళ్లు వున్నారు.

ఈరోజు మనం మాట్లాడుకోవలసింది జీతం పెంపు గురించి కాదు, బోనసు గురించి కాదు. మీ జీతం చీటీలో ప్రతి నెలా కనిపించే రెండు గడుల గురించి. ఒకటి పిఎఫ్, రెండవది ఇఎస్ఐ. ఈ రెండూ కోత అని మనందరికీ తెలుసు. కోసిన డబ్బు ఎక్కడికి పోతుంది, దాని మీద నిర్ణయాలు ఎవరు చేస్తారు, చేసిన నిర్ణయం మనకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్లు మనలో ఎందరు? చేతులెత్తమని మేము అడగబోవటం లేదు. మా సంఘం కార్యకర్తలే చాలామంది ఎత్తలేరు.

మన సంఘం దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాము. మన చెల్లెలు ఒకామె, ఊరూ పేరూ అవసరం లేదు, ఆరేళ్లు మిల్లులో టైలరుగా పనిచేసి ప్రసవానికి ముందు పని మానేసింది. పిఎఫ్ డబ్బుకు అర్జీ పెట్టింది. తిరిగి వచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిరిగి వచ్చింది. కారణం ఏమిటో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి పంపారు. దాన్ని చదివించుకోవటానికి ఆన్‌లైన్ షాపువాడికి డబ్బు ఇచ్చింది. సరిచేయించటానికి ఒక ఏజెంటుకు ఇంకా డబ్బు ఇచ్చింది. చివరికి తేలింది ఏమిటంటే, ఆధార్‌లో ఆమె ఇంటిపేరు పూర్తిగా ముందు వుంది, పిఎఫ్ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా వెనక వుంది. అంతే! మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు రాసుకోవటం తరతరాల అలవాటు. ఆ అలవాటు వల్ల పొట్టలో బిడ్డను పెట్టుకొని ఆమె ఎన్నిసార్లు మెట్లెక్కి దిగింది! ఏ పేరు ఎలా వుండాలో పనిలో చేరిన రోజునే ఒక్క మాట చెప్పి వుంటే ఈ తిరుగుడు వుండేది కాదు.

మన ఊళ్లలో గోడల మీద ఒకప్పుడు ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. కర్ణాటక పల్లెల్లో కూడా ‘నాళె బా’ అని తలుపుల మీద రాసేవారు. దయ్యం వచ్చి చదువుకుని తిరిగి వెళ్లిపోతుందని నమ్మకం. ఆఫీసుల్లో మనకు జరిగేది కూడా అదే. తేడా ఏమిటంటే దయ్యానికి దాని భాషలో రాశారు, మనకు మన భాషలో కూడా రాయటం లేదు.

మిత్రులారా, ఇది ఒక్క చెల్లెలి కష్టం అనుకుంటే పొరపాటు. చెప్పకపోవటం వల్ల ఏమవుతుందో ఈ హొసూరు రోడ్డు ఒకసారి చూసింది. 2016 ఏప్రిల్ 18, 19 తేదీలు గుర్తున్నవాళ్లు ఇక్కడ వుండే వుంటారు.

ఆ ఏడాది ఫిబ్రవరి 10న కేంద్ర ప్రభుత్వం పిఎఫ్ నిబంధన ఒకటి మార్చింది. అప్పటి దాకా పని పోయి రెండు నెలలు దాటితే కార్మికుడు పిఎఫ్ మొత్తం తీసుకోవచ్చు. కొత్త నిబంధన ప్రకారం కార్మికుడు కట్టిన వాటా, దాని వడ్డీ మాత్రమే ఇస్తారు, యజమాని కట్టిన వాటా 58 ఏళ్లు నిండేదాకా ఇవ్వరు. గెజిట్‌లో అచ్చయింది. అచ్చయితే చెప్పినట్టే అని శాఖ అనుకుంది. గెజిట్ చదివే టైలరు, గెజిట్ చదివే హెల్పరు ఎక్కడ వున్నారు?

రెండు నెలల తర్వాత ఆ వార్త ముక్కలు ముక్కలుగా మిల్లుల్లోకి వచ్చింది. ఒక లైనులో ‘సగం డబ్బు ఇవ్వరట’ అన్నారు. పక్క లైనుకు వచ్చేసరికి ‘అసలేమీ ఇవ్వరట’ అయింది. ఏప్రిల్ 18న బొమ్మనహళ్లి దగ్గర ఆడకూతుళ్లు వేలమంది మిషన్లు ఆపి రోడ్డెక్కారు. మరునాడు అది పీణ్య దాకా, మైసూరు రోడ్డు దాకా, మన పక్కనే వున్న హెబ్బగోడి దాకా పాకింది. బస్సులు తగలబడ్డాయి. హెబ్బగోడి పోలీసు స్టేషను దగ్గర వాహనాలు కాలిపోయాయి. లాఠీలు లేచాయి, బాష్పవాయువు వచ్చింది. కార్మికులు దెబ్బలు తిన్నారు, పోలీసులు దెబ్బలు తిన్నారు. ఆ 19వ తేదీనే నిబంధన అమలును మొదట జులై 31 దాకా వాయిదా వేశారు, సాయంత్రానికి పూర్తిగా రద్దు చేశారు. ఆ ప్రకటన చేసిన కేంద్ర కార్మిక శాఖ మంత్రి బండారు దత్తాత్రేయ గారు సికింద్రాబాదు నుండి గెలిచిన మన తెలుగువారే.

తగలబెట్టటాన్ని మేము సమర్థించటం లేదు. తగలబడిన బస్సులో ఎక్కేది మనమే. కాని ఆ రెండు రోజుల నుండి నేర్చుకోవలసింది వుంది.

ఒక లెక్క చూద్దాం. పిఎఫ్‌కు లెక్కించే జీతం 12,000 రూపాయలు అనుకుందాం. మన వాటా 12 శాతం, అంటే 1,440 రూపాయలు. యజమాని వాటా కూడా 1,440. అయితే యజమాని వాటా అంతా పిఎఫ్‌లోకి పోదు. 8.33 శాతం, అంటే సుమారు 1,000 రూపాయలు 1995 నాటి పింఛను పథకానికి పోతుంది. మిగిలిన 3.67 శాతం, అంటే 440 రూపాయలు పిఎఫ్‌లో పడుతుంది. ఐదేళ్లు పనిచేస్తే మన వాటా వడ్డీ లేకుండా 86,400. యజమాని వాటాలో పిఎఫ్‌లో పడేది 26,400. 2016 నిబంధన ఆపదలచుకున్నది ఈ 26,400 రూపాయలను. ‘అసలేమీ ఇవ్వరు’ అన్న మాట నిజం కాదు. అయితే 26,400 చిన్న మొత్తం అని ఎవరైనా అంటే వాళ్లు మన జీతంతో ఒక నెల బతికి చూడాలి. చెల్లెలి పెళ్లి, నాన్న ఆపరేషను, ఊళ్లో అప్పు, ఇవన్నీ 58 ఏళ్ల దాకా ఆగుతాయా?

శాఖకు కూడా చెప్పుకోవటానికి ఒక వాదం వుంది. ముసలితనానికి నాలుగు డబ్బులు మిగలాలి అన్నది ఆ వాదం. అది తప్పు మాట కాదు. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు వుండాలి. మిల్లు మారిన ప్రతిసారీ మనం పిఎఫ్‌తో పాటు పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు తెగిపోతుంది, మళ్లీ సున్నా నుండి మొదలు. ఇరవై ఏళ్లు చాకిరీ చేసి కూడా పింఛను లేకుండా మిగిలిపోయిన అక్కలు ఎంతోమంది వున్నారు. ఈ మాటను 2016లో ఫిబ్రవరికి ముందే గేటు దగ్గరకు వచ్చి, కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో చెప్పి వుంటే? మనం అడిగేవాళ్లం: ‘అయ్యా, ముప్పై అయిదేళ్లకే మమ్మల్ని ముసలివాళ్లని పంపేస్తున్నారు, ఆ తర్వాత 58 దాకా మేము ఏమి తినాలి?’ అని. దానికి వాళ్లు జవాబు వెతుక్కోవలసి వచ్చేది. నిబంధన మంచిదైతే బాగుపడేది, చెడ్డదైతే పుట్టకముందే ఆగిపోయేది. వీధిలో రెండు రోజుల్లో తేలిన విషయం గదిలో రెండు నెలల్లో నెమ్మదిగా తేలి వుండేది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. పిఎఫ్‌ను నడిపే కేంద్ర ధర్మకర్తల బోర్డులో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు మూడు పక్షాల వాళ్లూ వుంటారు. కార్మిక సంఘాల ప్రతినిధులకు అక్కడ కుర్చీలు వున్నాయి. అయినా 2016 ఏప్రిల్‌లో రోడ్డు మీదకు వచ్చిన అక్కచెల్లెళ్లను ఏ సంఘమూ పిలవలేదు. వాళ్లంతట వాళ్లే వచ్చారు. అంటే ఏమిటి? శాఖ వాళ్లకు చెప్పలేదు, సంఘాలూ చెప్పలేదు. ఢిల్లీలో మన కుర్చీ వుంటే చాలదు. ఆ కుర్చీ దగ్గర అనుకున్న మాట బొమ్మసంద్ర గేటు దాకా రాకపోతే ఆ కుర్చీ ఖాళీగా వున్నట్టే.

మరి చెప్పటం అంటే ఏమిటి? పత్రికలో పేజీ నిండా మంత్రిగారి ఫోటో వేసి ‘మీ సేవలో’ అని అచ్చు వేయించటం చెప్పటం కాదు, అది ప్రకటన. ప్రకటనలో వాళ్లు చెప్పదలచుకున్నదే వుంటుంది. చెప్పటం అంటే మనం అడిగినదానికి జవాబు కూడా వుండాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తారు, చేయకపోతే ఎవరిని అడగాలి, ఇవన్నీ వుండాలి.

ఈ హక్కు మనకు ఎవరూ దానం ఇవ్వలేదు. రాజస్థాన్‌లో కరువు పనులకు పోయిన కూలీలు తమ మస్టర్లు చూపించమని అడిగితే, అవి రహస్య పత్రాలు అన్నారు. కూలీ పేరు, కూలీ డబ్బు, రహస్యం మాత్రం సర్కారుది! అప్పుడు అరుణా రాయ్ వంటివారితో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌గా ఏర్పడినవాళ్లు 1994 నుండి ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి, లెక్కలను జనం ముందు బిగ్గరగా చదివించారు. చచ్చిపోయినవాళ్ల పేరున కూలీ, కట్టని గోడకు బిల్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ పోరాటం దేశమంతా పాకి 2005లో సమాచార హక్కు చట్టం అయింది.

ఆ చట్టం అనగానే పది రూపాయలు కట్టి అర్జీ పెట్టటం అని చాలామంది అనుకుంటారు. అది సగమే. మిగతా సగం నాలుగవ సెక్షనులో వుంది. మనం అడగకముందే ప్రతి ప్రభుత్వ శాఖ తన పని పద్ధతులు, అధికారుల బాధ్యతలు, ఖర్చులు, నిర్ణయాలు తానే బయటపెట్టాలి. అందులోనే ఇంకొక మాట వుంది. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకొని చెప్పాలి. కంప్యూటరులో ఇంగ్లీషులో ఎక్కించి చేతులు దులుపుకుంటే ఆ సెక్షను అమలు అయినట్టు కాదు.

మన తెలుగు పల్లెల్లో దీనికి ఒక మంచి ఉదాహరణ వుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ 2005 నాటి చట్టం సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీద వుంచితే, ఆంధ్రప్రదేశ్‌లో అది నిజంగా జరిగింది. 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. ‘అమ్మా, నీ పేరున ఇన్ని రోజులు రాసివుంది, నిజంగా చేశావా? ఇంత డబ్బు ఇచ్చినట్టు వుంది, నీ చేతికి వచ్చిందా?’ అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి, అన్నీ చదివారు. తిన్నవాళ్ల దగ్గర నుండి రికవరీలు జరిగాయి. అన్నీ వసూలు కాలేదు, అందరికీ శిక్ష పడలేదు. అయినా తన లెక్కను తానే వినటం, అధికారి ఎదుట నిలబడి ‘ఇది అబద్ధం’ అనటం కూలి ఆడమనిషికి అలవాటయింది. మీలో ఎంతోమంది అమ్మానాన్నలు ఆ సభల్లో కూర్చున్నవాళ్లే.

పల్లెలో కూలీకి అయింది, పట్టణంలో మిల్లు కార్మికురాలికి ఎందుకు కాదు?

శాఖలు ఏమీ చేయటం లేదని మేము అనము. 2014 నుండి ప్రతి పిఎఫ్ సభ్యునికి ఒక శాశ్వత నంబరు, యుఎఎన్, ఇచ్చారు. మిల్లు మారినా అది మారదు. ఆ నంబరుకు కలిపిన ఫోను నుండి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే ఖాతాలో ఎంత వుందో మెసేజి వస్తుంది. పైసా ఖర్చు లేదు, ఏజెంటు అక్కర లేదు. 2023 జనవరి నుండి ప్రతి నెలా 27వ తేదీన జిల్లా జిల్లాకు పిఎఫ్ అధికారులే వచ్చి సభ్యుల మాట వినే కార్యక్రమం పెట్టారు. ఇఎస్ఐ వాళ్లు కూడా సువిధా సమాగమ్ పేరుతో ఫిర్యాదులు వింటున్నారు. ఇవి మంచి పనులే. అయితే పిఎఫ్ కార్యక్రమం పేరు ‘నిధి ఆప్కే నికట్’. మీ దగ్గరకే నిధి అని దాని అర్థం. మదనపల్లి నుండి వచ్చిన చెల్లెలికి ఆ పేరు చదివితే అర్థమవుతుందా? 27వ తేదీ మామూలుగా పనిదినం. ఆ పూట వెళ్లాలంటే జీతం పోతుంది. నిధి దగ్గరకు వచ్చింది కాని షిఫ్టు అడ్డం వుంది.

పైగా మార్పులు ఆగటం లేదు. 2025 అక్టోబరు 13న పిఎఫ్ బోర్డు కొత్త నిర్ణయాలు చేసింది. డబ్బు తీసుకోవటానికి వున్న పదమూడు రకాల నిబంధనలను మూడు రకాలుగా కలపాలని, ఖాతాలో 25 శాతం నిలవ వుంచాలని, పని పోయినవాళ్లు మొత్తం తీసుకోవటానికి రెండు నెలల గడువును పన్నెండు నెలలకు పెంచాలని నిర్ణయించింది. పని పోగానే 75 శాతం తీసుకోవచ్చు అన్న సంగతి మాత్రం ఆలస్యంగా జనానికి చేరింది. ఈలోగా మళ్లీ అదే గగ్గోలు, మళ్లీ శాఖ వివరణలు. 2016 పాఠం పూర్తిగా నేర్చుకోలేదనే అనుకోవాలి. ఆ తర్వాత నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. ఇరవై తొమ్మిది పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. మన నాన్నల కాలం నుండి వింటున్న చట్టాల పేర్లే మారిపోతే, ఏ హక్కు మిగిలింది, ఏది మారింది అన్నది ప్రతి గేటు మీద వుండాలా వద్దా?

ఇంకొకటి. 2024 అక్టోబరు 29న మన బొమ్మసంద్రలో ఇఎస్ఐ ఆసుపత్రికి ప్రధానమంత్రి ఢిల్లీ నుండి శంకుస్థాపన చేశారు. అదే రోజున మన ఆంధ్రలో అచ్యుతాపురం ఆసుపత్రికి కూడా చేశారు. సంతోషం. ఆ ఆసుపత్రి మన జీతం నుండి కోసిన డబ్బుతో, యజమానులు కట్టిన డబ్బుతో లేచేది. అందుకే పని ఎంతవరకు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని మంచాలు, ఎప్పటికి పూర్తి అన్నది ఆ స్థలంలోనే పెద్ద బోర్డు మీద మూడు నెలలకోసారి రాయాలి. 2025 ఆగస్టు నుండి మన బొమ్మసంద్రకు మెట్రో వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే వచ్చే రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు చెబుతుంది. రైలుకు సాధ్యమైనది ఆసుపత్రికి, పిఎఫ్ అర్జీకి ఎందుకు సాధ్యం కాదు?

అందువల్ల ఈ సమావేశం తరపున మేము నాలుగు కోర్కెలు పెడుతున్నాము. ఒకటి, పిఎఫ్, ఇఎస్ఐ నిబంధన ఏది మారినా అమలుకు ముందే మిల్లు గేటు నోటీసు బోర్డు మీద కన్నడంలోను, అక్కడ పనిచేసేవాళ్ల భాషల్లోను అంటించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాషలో నోటీసులు వుండాలని చెప్పింది. రెండు, నెలకొకసారి అధికారులు షిఫ్టు అయిన తర్వాతగాని, ఆదివారంగాని ఇక్కడికి రావాలి. మూడు, తిప్పి పంపిన ప్రతి అర్జీకి కారణం అర్థమయ్యే మాటల్లో, కార్మికుని భాషలో చెప్పాలి. నాలుగు, ఏడాదికోసారి ఈ పారిశ్రామికవాడలో సామాజిక తనిఖీ సభ జరగాలి. ఏ మిల్లు మన దగ్గర కోసి శాఖకు కట్టలేదో అక్కడ బిగ్గరగా చదవాలి.

కన్నడ సోదరులు మన మాటను అపార్థం చేసుకోకూడదు. ఈ నేల భాష కన్నడం. దాన్ని మనం నేర్చుకోవాలి, మన పిల్లలు చదవాలి. మనం అడిగేది కన్నడం తీసేయమని కాదు. కన్నడం కూడా లేకుండా ఇంగ్లీషు కాగితం పంపుతున్నారు, అది మార్చమని. ఈ కోర్కె వాళ్లదీ మనదీ.

కోర్కెలు పెట్టి ఇంటికి పోతే చాలదు. మన పని మనం చేయాలి. ఈ రాత్రికే మీ మీ పేర్లు ఆధార్‌లో ఎలా వున్నాయో, పిఎఫ్‌లో ఎలా వున్నాయో పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా వుంటే పనిలో వుండగానే సరిచేయించుకోండి, మానేసిన తర్వాత కష్టం. మిస్డ్ కాల్ ఇచ్చి ఈ నెల డబ్బు పడిందో లేదో చూడండి. పడకపోతే సంఘానికి చెప్పండి. రాయటం రానివాళ్లు సిగ్గుపడనక్కర లేదు. సమాచారం కోసం వెళ్లినవాళ్లు నోటితో చెబితే దాన్ని రాసుకోవటానికి సాయపడవలసిన బాధ్యత సమాచార అధికారిదేనని చట్టం చెబుతుంది.

మా సంఘం వంతు మేము ఒప్పుకుంటున్నాము. ఇకనుండి ప్రతి నెలా మొదటి ఆదివారం ఇదే చోట ఆ నెలలో వచ్చిన నిబంధనలు, ఉత్తర్వులు తెలుగులోను, కన్నడంలోను చదివి వినిపిస్తాము. మా సంఘం చందా లెక్క కూడా అదే సభలో చదువుతాము. శాఖను లెక్క అడిగేవాళ్లు ముందు తమ లెక్క చెప్పాలి గదా! మేము చదవకపోతే మీరు లేచి అడగండి.

చివరిగా ఒక్క మాట. 2016లో మన అక్కచెల్లెళ్లు రోడ్డు మీదకు వచ్చి రెండు రోజుల్లో ఒక నిబంధనను వెనక్కి తిప్పారు. ఆ బలం మనకు వుంది. అయితే ప్రతిసారీ బలం రోడ్డు మీదే చూపించవలసి రాకూడదు. దానికి లాఠీ దెబ్బలు తినేది మనం, కేసులు మోసేది మనం, జీతం పోయేది మనకు. ముందుగా తెలిస్తే ముందుగా అడుగుతాం. ముందుగా అడిగితే దెబ్బ తినకుండా గెలుస్తాం. మన సొమ్ము లెక్క మనకు చెప్పమని అడగటం బతిమాలటం కాదు, అది మన హక్కు.